రెండు నొక్కుల మధ్య ఎడం

నాది పుట్టు పిరికితనం. చిన్నప్పుడు తోటలో ఎండుటాకుల మీద తొండ పాకినా పామనే అనుకునేవాణ్ణి. "వీడికి తాడు కనిపిస్తే చాలు, దాని కోరలు కూడా చూసొస్తాడు" అని మా అమ్మ నవ్వేది. అలాంటివాణ్ణి పెద్దయ్యాక మా నూజివీడు కాలేజీలోనే ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటరుగా చేరి, రోజూ కరెంటుతో కాపురం పెట్టాను. అరవైల నాటి మాట. అప్పట్లో నేను పడిన భయాల్లో చాలావాటిని తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఒక్క వేసవిలో పడిన భయానికి మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.

మా నాన్న మామిడికాయల వ్యాపారి. మా వైపు తోట బేరం నోటితో జరగదు. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా కూర్చుని, కుడిచేతులు కలిపి, పైన కండువా కప్పుకుంటారు. దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని నొక్కుతారు. వేలికో విలువ. ఎన్నిసార్లు నొక్కితే అన్ని. చిటికెన వేలు చిల్లరకి. పైకి మాత్రం "మీ వైపు గాలివాన పడిందటగా?" "పిందె బాగా రాలిందండీ" అని ఊసుపోని కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. చుట్టూ జనం మూగినా ధర ఎంతన్నది ఆ రెండు చేతులకే తెలుస్తుంది. చెయ్యి తిరిగినవాళ్ళ వేళ్ళు ఎంత చురుగ్గా నొక్కుతాయంటే, కొత్తవాడికి ఏదో చీమ పాకినట్టు ఉంటుందంతే. మా నాన్న చేతికి ఆ విషయంలో మైలవరం దాకా పేరుండేది.

నేను చదువు వైపు వెళ్ళిపోయినా, చేతికి పని తెలిసి ఉండటం మంచిదని ఆయన ఆ వేసవిలో నన్ను బేరానికి కూర్చోబెట్టాడు. మైలవరం నుంచి వచ్చిన ఒక తోట ఆసామి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన కండువా కింద నొక్కాడు. నేను సరేనని తిరిగి నొక్కాను. కండువా తీశాక చూస్తే, చిటికెన వేలి మీద ఆయన నొక్కింది మూడుసార్లు, నాకు తెలిసింది రెండు. ఆయనకి కోపం వచ్చింది. "చదువుకున్న కుర్రాడు, ఇలా మాట మారిస్తే ఎలాగండీ!" అన్నాడు. ఇంతలో నాన్న నవ్వుతూ ముందుకొచ్చాడు.

"వాడి తప్పు కాదండీ. వాడికి నేర్పింది నేను. ఈ మధ్య నా వేళ్ళు మొద్దుబారుతున్నాయి, నేర్పడమే తప్పు నేర్పాను. మీరు చెప్పిందే ఖాయం చేసుకోండి."

అక్కడితో గొడవ సద్దుమణిగింది. కానీ "నా వేళ్ళు మొద్దుబారుతున్నాయి" అన్న మాట నా చెవిలో పడి, ఇక బయటికి రానంది.

ఆ రోజు నుంచీ నాన్న ప్రతి సాయంత్రం కొట్టు కట్టేసి వచ్చాక అరుగు మీద కూర్చుని, "రా, చెయ్యి పెట్టు" అనేవాడు. కండువా కింద నా వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని నొక్కేవాడు. ఎన్నో నేను చెప్పాలి. బొటనవేలు, చూపుడువేలు సరిగ్గానే వచ్చేవి. ఉంగరం వేలు, చిటికెన వేలు దగ్గరికొచ్చేసరికి తేడా వచ్చేది.

"ఎన్ని?"

"ఒకటి."

"రెండు నొక్కానురా."

"నాకు ఒకటే తెలిసింది నాన్నా."

ఆయన కండువా మడిచి భుజాన వేసుకుని, కాసేపు వీధిలోకి చూస్తూ కూర్చునేవాడు. ఆ ముఖంలో నేనెప్పుడూ చూడని బెదురు ఉండేది. రెండో నొక్కుకి తన వేలు సరిగ్గా లేవడం లేదని ఆయనకీ అర్థమవుతోందని నేననుకున్నాను. భోజనాల దగ్గర కూడా ఆయన ధ్యాస మారిపోయింది. పొగలు కక్కే అన్నంలో నేను చెయ్యి పెడితే "వేడిగా లేదూ?" అని అడిగేవాడు. కాఫీ గ్లాసు నా చేతికందించకుండా పక్కన పెట్టేవాడు. పాపం, ఆయనకి వేడీ చల్లనా తెలియడం లేదేమో, నన్నడిగి తెలుసుకుంటున్నాడేమో అనుకునేవాణ్ణి.

నా భయానికి పేరుంది, కానీ ఆ పేరు మా ఇళ్ళలో పైకి అనరు. పెద్దరోగం అంటారు, అదీ గొంతు తగ్గించి. మొదట ఒంటి మీద పాలిపోయిన మచ్చ వస్తుందనీ, తర్వాత వేళ్ళకి స్పర్శ పోతుందనీ విన్నాను. హనుమాన్ జంక్షన్‌లో బస్సు ఆగినప్పుడల్లా కిటికీ దగ్గరికి వచ్చే మొండి చేతుల్ని చూసి చిన్నప్పుడు అమ్మ ఒళ్ళో ముఖం దాచుకునేవాణ్ణి. నాన్న మోచేతి కింద పాలిపోయిన మచ్చ ఉంది. అయితే అది నమ్మదగిన గుర్తు కాదు. మామిడికాయ కోసినప్పుడు తొడిమ నుంచి చిమ్మే సొన పడితే ఒళ్ళు కాలి మచ్చ పడుతుంది. మా ఊళ్ళో సొన మచ్చ లేని చెయ్యి లేదు. నాన్నకుంది, అమ్మకుంది, నా కుడి మోచేతి దగ్గరా ఒకటుంది. అందుకే ఆయన మచ్చ ఏ మచ్చో తేల్చుకోలేక ముందు నుయ్యి వెనుక గొయ్యిగా ఉండేది నా పరిస్థితి. అదే నిజమై, నలుగురికీ తెలిస్తే? మా నాన్న కండువా కింద ఇక ఎవడు చెయ్యి పెడతాడు? చెయ్యి పెట్టనిచ్చేవాడు లేకపోతే ఆయన ఏం చేసుకుని బతుకుతాడు?

కాలేజీలో మా పెద్ద లెక్చరరుగారు ఉంగుటూరు వైపు క్రైస్తవుల కుటుంబం నుంచి వచ్చినవారు. ఆదివారం చర్చిలో హార్మోనియం, సోమవారం నుంచి మమ్మల్ని వాయించేవారు. ఆయన్ని అందరం మాస్టారనే పిలిచేవాళ్ళం. మేమప్పుడు ట్రాన్సిస్టర్లతో లెక్కపెట్టే సర్క్యూటు ఒకటి కడుతున్నాం. దాంట్లో నడిచేవన్నీ పల్సులు. కరెంటు ఉందంటే ఉంది, లేదంటే లేదు, మధ్యలో ఏమీ ఉండదు. ఆ పల్సుల్ని చూడాలంటే ఆసిలోస్కోపు కావాలి. కరెంటు ఎలా లేచి పడుతోందో ఆకుపచ్చ గీతగా తెర మీద గీసి చూపించే పెట్టె అది. మా దగ్గరున్నది మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న పాత సరుకు. కొత్తది కొనడానికి కాలేజీ ఒప్పుకుంది.

"ఎంత బ్యాండ్‌విడ్త్ ఉన్న పెట్టె కావాలో నువ్వే అంచనా వెయ్యవయ్యా" అన్నారు మాస్టారు.

బ్యాండ్‌విడ్త్ అంటే ఆ పెట్టె ఎంత వేగం మార్పుల దాకా అందుకోగలదన్నది. తక్కువ చెబితే పల్సులు కనపడని పెట్టె జీవితాంతం మా నెత్తిన ఉంటుంది. ఎక్కువ చెబితే అసలు కొనరు. చివరికి పాత పెట్టెకే పల్సుని తగిలించి, అది లేవడానికి ఎంతసేపు పడుతోందో కొలిచాను. తెర మీద నెమ్మదిగా, ధాన్యం కుప్ప వాలులా లేచింది. లెక్కకడితే అర మెగాసైకిలు, అంటే సెకనుకి అయిదు లక్షల ఊపులు అందుకునే పెట్టె, చాలని వచ్చింది. అంటే పాతదాని పాటిదే మరొకటి కొనుక్కోవచ్చు. హమ్మయ్య అనుకుని మాస్టారికి చెప్పాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు. "నువ్వు పల్సుని కొలిచాననుకుంటున్నావా? పెట్టెని కొలిచావు. మందకొడివాడికి ఎంత చురుకైన కథ చెప్పినా, వాడు తిరిగి చెప్పేసరికి మందంగానే వస్తుంది. ముందు చూసేవాడి సంగతి తేల్చుకో, తర్వాత చూసినదాని సంగతి."

తర్వాత కూర్చోబెట్టి నేర్పారు. పల్సు సెకనుకి ఎన్నిసార్లు వస్తోందన్నది కాదట, ఎంత నిటారుగా లేస్తోందన్నది చూడాలట. నలుచదరంగా కనిపించే అల నిజానికి ఒక్క అల కాదు. దానికి మూడింతలు, అయిదింతలు, ఏడింతలు వేగంగా ఊగే చిన్న అలలు వచ్చి దాని మూలలు చెక్కుతాయి. పెట్టె వాటిని అందుకోలేకపోతే మూలలు అరిగి గుట్టలవుతాయి. మా ట్రాన్సిస్టర్ల వివరాలు చూసి, పల్సు మైక్రోసెకనులో పదో వంతులో లేస్తుందని తేల్చాం. ఈ లెక్కకి ఎప్పుడూ వాడే అంకె సున్నా పాయింటు మూడు అయిదు, దాన్ని ఆ వ్యవధితో భాగిస్తే మూడున్నర మెగాసైకిళ్ళు. అది పల్సు వరకు. దాన్ని పాడుచెయ్యకుండా చూపాలంటే పెట్టెకి కనీసం మూడింతలు ఉండాలి. పది మెగాసైకిళ్ళు అడగమన్నారు.

"నమ్మకం కలగలేదా? ఇటు చూడు" అని, ఆయన రెండు పల్సుల్ని దగ్గర దగ్గరగా పంపించారు. పాత పెట్టె తెర మీద ఒక్కటే గుట్ట కనిపించింది. ఎక్కడా గీత తెగలేదు, వణకలేదు. రెండు వచ్చాయన్న అనుమానమే రానంత నున్నగా ఉంది.

నా చేతిలో తీగలు అతికే వేడి సోల్డరింగు కడ్డీ అలాగే ఉండిపోయింది. రెండు నొక్కితే ఒకటి తెలియడం అంటే ఇదే కదా. నాన్న వేలు లేవడం ఆలస్యమై, రెండూ కలిసిపోతున్నాయి. "ఏమయ్యా, చెయ్యి కాల్చుకుంటావ్!" అని మాస్టారు అరిస్తే అప్పుడు కడ్డీ పక్కన పెట్టాను. అప్పటికే నా చిటికెన వేలికి ఎప్పుడు కాలిందో తెలియని పాత బొబ్బ ఒకటుంది. ఆ పని చేసేవాళ్ళకి అవి మామూలే.

ఇక నాకు ఒక్కటే ఆలోచన. నాన్న వేళ్ళకి ఏ మాత్రం స్పర్శ మిగిలిందో ఆయనకి తెలియకుండా తేల్చుకోవాలి. రెండు ట్రాన్సిస్టర్లు, కరెంటు తగలగానే టక్కున కొట్టుకునే రిలే ఒకటి, బ్యాటరీలు పెట్టి ఒక చెక్కపెట్టె తయారుచేశాను. మీట నొక్కితే రిలేలోని చిన్న ఇనుప నాలుక రెండుసార్లు తడుతుంది. పక్కనున్న మర తిప్పితే రెండు తట్లకీ మధ్య ఎడం తగ్గుతూ వస్తుంది. ఎంత ఎడం దగ్గర రెండూ ఒకటైపోతాయో చూస్తే వేలి సత్తా తెలుస్తుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం దాన్ని ఇంటికి తెచ్చాను. లోపలి గదిలో అమ్మ వరిగడ్డిలో చిన్నరసాలు పేరుస్తోంది. ఇల్లంతా ముగ్గిన కాయల వాసన. నాన్న అరుగు మీద ఉన్నాడు.

"ఏంట్రా ఇది, తేళ్ళ పెట్టా?"

"కాలేజీ పని నాన్నా. వేళ్ళకి ఎంత వేగం తెలుస్తుందో చూడాలి. ఒకసారి వేలు పెట్టవూ?"

ఆయన వద్దంటాడని, చిరాకుపడతాడని అనుకున్నాను. నిటారుగా కూర్చున్నాడు. "ప్రతి వేలికీ చూడొచ్చా? చిటికెన వేలిక్కూడా?" అని అడిగాడు. ఆ ఆత్రం చూసి నాకు ఏడుపొచ్చినంత పనయింది.

బొటనవేలితో మొదలుపెట్టాను. రెండు అన్నాడు. ఎడం తగ్గించాను. రెండు. ఇంకా తగ్గించాను. "రెండేరా, బాగా దగ్గరగా కొట్టింది" అన్నాడు. తర్వాత చిటికెన వేలు పెట్టించాను. "రెండు" అన్నాడాయన తేలిగ్గా. మర చివరికంటా తిప్పినా ఆయన చిటికెన వేలు దాదాపు ఆఖరి దాకా రెండనే చెప్పింది. ఆ వయసులో ఆ వేళ్ళు అలా ఉన్నాయంటే నాకు గంతులెయ్యాలనిపించింది. నాన్నకేమీ లేదు. ఆయన మచ్చ సొన మచ్చే. నా భయమంతా తాడే, పాము కాదు.

"ఇప్పుడు నువ్వు పెట్టు" అన్నాడు నాన్న. ఆయన మాత్రం నవ్వడం లేదు.

బొటనవేలు పెట్టాను, బాగానే తెలిసింది. చూపుడువేలు, మధ్యవేలు బాగానే ఉన్నాయి. చిటికెన వేలు పెట్టి మీట నొక్కాను. ఏమీ లేదు. మళ్ళీ నొక్కాను. రిలే బిగుసుకుపోయిందనుకుని మూత తీసి తీగలు కదిపాను. బ్యాటరీ తీసి మళ్ళీ పెట్టాను. అయినా ఏమీ లేదు.

"పాడైపోయినట్టుంది నాన్నా."

"చప్పుడొస్తోంది కదరా" అన్నాడాయన మెల్లగా. నా వేలు పక్కకి జరిపి తన వేలు పెట్టి, మీట నొక్కాడు. "కొడుతోంది." మళ్ళీ నా వేలు తీసి అక్కడే పెట్టాడు. ఈసారి నేను కళ్ళు పెట్టి చూశాను. ఆ ఇనుప నాలుక వచ్చి నా వేలి కొసని తట్టింది, వెనక్కి పోయింది, మళ్ళీ వచ్చి తట్టింది. నా కళ్ళకి కనిపిస్తోంది. నా వేలికి తెలియడం లేదు.

నాన్న నా చెయ్యి వెల్లకిలా తిప్పి, మోచేతి దగ్గర మచ్చ మీద గోటితో గీశాడు. అదీ తెలియలేదు.

"బేరం రోజునే అనుమానం వచ్చింది" అన్నాడు. "ఆ మైలవరం ఆయన మూడు నొక్కడం నేను ఆయన మోచెయ్యి కదలికలోనే చూశాను. నీకు రెండే తెలిసింది. రోజూ కండువా కింద నేను పాఠం చెబుతున్నాననుకున్నావా? నీ చెయ్యి చూసుకుంటున్నానురా."

"మరి నీ వేళ్ళు మొద్దుబారాయన్నావు కదా?"

"అంతమందిలో ఎవరివో ఒకరివి మొద్దుబారాలిగా. ముసలాడివంటే ఎవరూ పట్టించుకోరు."

అన్నం వేడిగా లేదూ అని ఆయన ఎందుకడిగాడో, కాఫీ గ్లాసు ఎందుకు పక్కన పెట్టాడో అప్పుడర్థమయింది. ఇద్దరం ఒకే అరుగు మీద కూర్చుని, ఒకరి కోసం ఒకరం వేసవంతా హడలిపోతూ గడిపాం. లోపల్నుంచి అమ్మ "ఏంటి, తండ్రీ కొడుకులు మాటా పలుకూ లేకుండా కూర్చున్నారు?" అంది. నాన్న వెంటనే "బేరం కుదరడం లేదే" అన్నాడు.

మర్నాడు మాస్టారికి చెప్పాను. చెప్పేటప్పుడు బల్లకి అవతల నిలబడి, చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. ఆయన అడుగు వెనక్కి వేస్తే ఏం చెయ్యాలో కూడా ఆలోచించుకున్నాను. ఆయన బల్ల చుట్టూ తిరిగి వచ్చి, నా చెయ్యి ముందుకి లాక్కుని, రెండు చేతులతో పట్టుకున్నారు. "మా చెల్లెలు మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఇలాంటివాళ్ళనే చూస్తారక్కడ. రేపే బయల్దేరు. ఇక్కడ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు" అన్నారు.

హనుమాన్ జంక్షన్‌లో నేనూ నాన్నా బస్సు మారాం. ఎండ నిప్పులు చెరుగుతున్నా నేను పొడుగుచేతుల చొక్కా వేసుకుని, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని నిలబడ్డాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు నా వైపు చూసినా జేబులోని చెయ్యి ఇంకా లోపలికి తోసేవాణ్ణి. అడుక్కునేవాళ్ళు వచ్చారు. చిన్నప్పటిలాగే ముఖం తిప్పుకోబోయి, తిప్పుకోలేకపోయాను.

డాక్టరుగారు నన్ను కళ్ళు మూసుకోమన్నారు. దూదిపోగుతో తాకుతానని, తాకినప్పుడల్లా చెప్పమన్నారు. అంత భయం నేనెన్నడూ ఎరగను. చీకట్లో కూర్చున్నాను. ఏమీ తెలియడం లేదు. ఆయన ఇంకా తాకలేదా, తాకినా నాకు తెలియలేదా? రెండూ నా లోపల ఒకేలా ఉన్నాయి. గది మూలన నాన్న ఊపిరి పీల్చి ఆపడం వినిపించింది. ఆయన ఊపిరి ఆపినప్పుడల్లా దూది నన్ను తాకుతోందని గ్రహించాను. కావాలంటే ఆ గుర్తు పట్టుకుని "తాకింది" అని చెప్పేయొచ్చు. నోరు కదపలేదు.

"ఈ మచ్చ ఎన్నాళ్ళ నుంచి ఉంది?" అని అడిగారు డాక్టరుగారు.

"అది సొన మచ్చండీ."

"మామిడితోటల వైపు నుంచి వచ్చే ప్రతివాళ్ళూ ఇదే చెబుతారు. అలా అనుకుంటూ ఏళ్ళు గడిపేసి వస్తారు. మీరు నయం, కాస్త ముందుగా వచ్చారు" అన్నారాయన. తెల్లటి చిన్న మాత్రలిచ్చారు. ఏళ్ళ తరబడి వేసుకోవాలన్నారు. వేళ్ళు వంకర పోకుండా కాపాడుకోవచ్చన్నారు. పోయిన స్పర్శ ఎంత తిరిగొస్తుందో మాత్రం చెప్పలేనన్నారు.

ఆ మాత్రలు చెప్పినన్నాళ్ళూ వేసుకున్నాను. జబ్బు పోయింది. మేమడిగిన పది మెగాసైకిళ్ళ పెట్టె కూడా వచ్చింది. నిటారు మూలలతో పల్సుల్ని మొదటిసారి చూసి మాస్టారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. కానీ ఆ రోజులనుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన సాయంత్రం.

కాళ్ళు కడుక్కుని నాన్న అరుగు మీద కూర్చున్నాడు. కండువా తీసి ఒళ్ళో పరిచాడు. "రా, చెయ్యి పెట్టు" అన్నాడు.

"ఇంకెందుకు నాన్నా, తెలిసిపోయిందిగా."

"పెట్టరా."

పెట్టాను. ఆయన చిటికెన వేలు పట్టుకున్నాడు. నొక్కాడేమో, నాకేమీ తెలియలేదు. నా ముఖం చూశాడు. ఈసారి గట్టిగా నొక్కి, అలాగే పట్టుకుని ఉంచి, వదిలి, చాలాసేపు ఆగి మళ్ళీ నొక్కాడు.

"ఇప్పుడు?"

"రెండు" అన్నాను.

"ఆఁ. అయితే ఈ వేలితో ఇంత నెమ్మదిగా మాట్లాడాలన్నమాట" అన్నాడు. అదేదో కొత్త ఆసామి పద్ధతి తెలుసుకున్నట్టు మామూలుగానే అన్నాడు. ముఖం నిబ్బరంగా ఉంది, గొంతు నిబ్బరంగా ఉంది. వీధిలో పోతున్న ఎవరో పలకరిస్తే నవ్వుతూ జవాబు కూడా చెప్పాడు. నాన్నకి భయం పోయింది కాబోలని నాకూ కాస్త ధైర్యం వచ్చింది.

చెయ్యి తీసుకోబోతూ కండువా కిందే ఆయన చేతిని ఒకసారి గట్టిగా పట్టుకున్నాను. అప్పుడు నా బొటనవేలికి తెలిసింది, ఆయన చెయ్యి సన్నగా, ఆగకుండా వణుకుతోంది. చిటికెన వేలు అంతసేపూ ఆ చేతిలోనే ఉంది. దానికి తెలియలేదు.